చీమ దూరని కారు

తుఫాను బాబాయి కథ మొదలుపెట్టాడంటే చేతుల్లో టీ చల్లారిపోవాల్సిందే. ఆయన అసలు పని కారు సీట్లకు తొడుగులు కుట్టడం. కొట్టు మెకానిక్ షెడ్డుకు ఆనుకునే ఉంది. కుట్టుమిషను ముందు కూర్చున్నంతసేపూ పళ్ళ మధ్య దారం పట్టుకుంటాడు కాబట్టి మాట పెగలదు. ఆ లోటంతా షెడ్డు ముందున్న బల్ల మీదికొచ్చి తీర్చుకుంటాడు. తుఫాను అని ఆయనకు ఎవరు పేరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. తనకు తనే పెట్టుకున్నాడని కొందరంటారు.

ఆ పొద్దున బల్ల మీద ముగ్గురున్నారు. కేకులమ్మాయి, ఆమె పెద్దమ్మ, డ్రైవింగ్ స్కూలు టీచరమ్మ. టీచరమ్మ కారుకు క్లచ్చు మారుస్తున్నారు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద పడి నలిగిన క్లచ్చు ఇంకెన్నాళ్ళని బతుకుతుంది! కేకులమ్మాయి కారు మాత్రం లోపల లిఫ్టు మీద, నాలుగు చక్రాలూ గాల్లో వేలాడేసుకుని, నిద్రలో ఎత్తుకున్న పసిపిల్లలా ఉంది.

ఎర్ర కారు. రెండే తలుపులు. ఆగి ఉన్నా ఎక్కడికో పోతున్నట్టే ఉంటుంది. పాతదైనా, తాళం తిప్పగానే ఇంజను చేసే చప్పుడుకు ఆ పిల్ల గుండెలో ఏదో జారి, మళ్ళీ తన చోటికి తాను వచ్చి కూర్చుంటుంది. కేకులు చేసి అమ్ముకునే పిల్లకు వ్యాను కావాలిగానీ పందెం కారెందుకని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నారు. ఆమె వినలేదు. ప్రేమ ఎప్పుడు ఎవరి మాట విన్నది కనుక!

అయితే ఆ కారుకొక గుణం ఉంది. మలుపు వచ్చిందంటే చాలు, వయ్యారంగా ఒక పక్కకు ఒరుగుతుంది. మనుషులకైతే పరవాలేదు, బాగానే ఉంటుంది. కేకులకు బాగుండదు. కిందటి ఆదివారం ఫంక్షను హాలు ముందు మలుపులో కారు ఒరిగింది, వెనక సీట్లో పెద్దమ్మ ఒళ్ళో ఉన్న మూడంతస్తుల కేకు ఒరిగింది, పై అంతస్తు నేరుగా పెద్దమ్మ మెడలోకి దిగింది. చెవిలో చక్కెర పువ్వుతోనే ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఇంకొక్క కేకు జారిందంటే ఈ కారు ఇంట్లో ఉండదు. వ్యాను కొంటున్నాం. అంతే."

ఇంకో కేకు జారితే ఇక ఆర్డర్లుండవని హాలు మేనేజరు కూడా అన్నాడు, ఇంకాస్త మర్యాదగా. అలా రెండు వైపుల నుంచీ మాట పడ్డాక ఈ పిల్ల షెడ్డుకు వచ్చింది. సాయంత్రం అదే హాలుకు, అదే మలుపు మీదుగా, పాతికేళ్ళ పెళ్ళిరోజు కేకు పోవాలి. కేకు ఇంట్లో ఫ్రిజ్జులో సిద్ధంగా ఉంది. కారు ఉంటుందో ఊడుతుందో ఈ పూటే తేలిపోతుంది.

మెకానిక్కు రెండు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద ఆమె పక్కనే పెట్టాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"రెండూ పొట్టి స్ప్రింగులే చెల్లెమ్మా. ఇప్పుడున్నవి తీసి ఇవి వేస్తే కారు కిందకు దిగుతుంది, బిగువు పెరుగుతుంది, మలుపులో ఒరగడం తగ్గుతుంది. చిన్న పెట్టెలోవి అంగుళం దించుతాయి. పెద్ద పెట్టెలోవి మూడంగుళాలు. ఎంత దిగితే ఒరగడం అంత తగ్గుతుంది, గతుకు కూడా అంత గట్టిగా తగులుతుంది. కారు నీది, కేకు నీది, నువ్వే చెప్పు. ఒకసారి పెట్టె విప్పితే మాత్రం కొట్టువాళ్ళు తిరిగి తీసుకోరు."

ఆ చెప్పిన దాంట్లో ఆమెకు వినపడింది సగమే. ఎంత దిగితే ఒరగడం అంత తగ్గుతుంది. ఆ సగమే చెవిలో గంటలా మోగుతోంది.

సరిగ్గా అప్పుడే పక్క కొట్టులో మిషను చప్పుడు ఆగింది. తుఫాను బాబాయి దారం ముక్క ఉమ్మేసి, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా వచ్చి, పెట్టెల వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, కూర్చున్నాడు. ఆ నిట్టూర్పు వినగానే టీచరమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"అయిపోయింది. ఇక మధ్యాహ్నం దాకా ఇక్కడే," అంది.

"నాకేం సరదానా టీచరమ్మా చెప్పడం? ఎవరైనా స్ప్రింగుల మాటెత్తితే నాకు నా నల్ల కారు గుర్తొస్తుంది, అది గుర్తొస్తే గొంతు పట్టుకుంటుంది. అయినా ఎందుకులే. ఈ కాలం వాళ్ళకు చెబితే నమ్మరు."

"నేను నమ్ముతాను బాబాయ్," అంది కేకులమ్మాయి.

నిజంగానే అంది. ఆ పిల్ల కళ్ళు అప్పటికే పెద్దవయ్యాయి.

"అదీ! తల్లీ, నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. పెద్ద విశేషమేం కాదు. నా పెళ్ళయిన కొత్తలో నా దగ్గరో నల్ల కారుండేది. మంచిదే, కానీ నీ కారుకున్న జబ్బే దానికీ ఉండేది, మలుపంటే చాలు, పడవలాగా ఊగిపోయేది. సరే అని ఒకరోజు నేనే, నా ఈ రెండు చేతుల్తోనే, అంగుళం పొట్టివి, ఇదిగో ఈ చిన్న పెట్టెలాంటివే, వేశాను. వేసి, డాష్‌బోర్డు మీద ఒక రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టి, ఊరి నడుమున్న సర్కిలు చుట్టూ తిప్పాను. పడలేదు."

"పడలేదా!"

"పడలేదు తల్లీ. ఊగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కొంచెం ఊగింది. పడలేదు."

మెకానిక్కు స్పానరుతో మెడ గోక్కున్నాడు. "అది జరగొచ్చులే," అన్నాడు.

జరగొచ్చు అన్న ఆ ఒక్క మాట బాబాయికి ఇంజనులో పెట్రోలు పోసినట్టయింది.

"జరగొచ్చు కాదు అబ్బాయ్, జరిగింది. కానీ నాకు ఆ కొంచెం ఊగడం నచ్చలేదు. ఊగిందంటే ఏమిటి, లోపముందన్నమాటేగా. అంగుళం తీసి పారేసి రెండంగుళాలవి వేశాను. మా అత్తగారిని వాళ్ళ ఊళ్ళో దింపి రావాలి, మధ్యలో కొండ, కొండ మీద పాములాంటి రోడ్డు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని అలా కన్ను మూసింది. నేను మలుపు మీద మలుపు, మలుపు మీద మలుపు, పక్కన లోయ, ఎదురుగా లారీలు, చేతులు చెమట పట్టి స్టీరింగు జారిపోతోంది, కానీ కారు? కారు పరుపు మీద దుప్పటి పరిచినట్టు పోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ దిగి, ఊరు దాటి, వాళ్ళింటి ముందు ఆపి హారను కొడితే ఆవిడ కళ్ళు తెరిచి, 'ఏమయ్యా, ఇంతసేపైంది, ఇంకా బయల్దేరలేదా?' అని నన్ను తిట్టింది!"

"మీ అత్తగారు బల్ల మీద కూర్చున్నా నిద్రపోయేదని మా ఆయన చెప్పేవాడు," అంది పెద్దమ్మ.

"వదినా, ఆవిడ నిద్ర వేరు, నా స్ప్రింగులు వేరు. కలపొద్దు."

కేకులమ్మాయికి ఆ కొండరోడ్డు కళ్ళకు కట్టింది. నల్లకారు స్థానంలో ఎర్రకారు వచ్చి చేరింది. అత్తగారి స్థానంలో కేకు. తెల్లటి కేకు, పైన చక్కెర గులాబీలు, ఒక్క రేకు కదలకుండా, కొండ మీద మబ్బులా తేలిపోతోంది. ఆమె చెయ్యి తెలియకుండానే చిన్న పెట్టె మీద నుంచి లేచి పెద్ద పెట్టె మీద వాలింది.

బాబాయి ఆ చెయ్యి వైపు చూశాడు. కథ చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి!

"ఆ, అదే! అసలు స్ప్రింగంటే అదే తల్లీ! మూడంగుళాలు! నేనూ చివరికి దానికే వచ్చాను. అంగుళం పిల్లలకు, రెండంగుళాలు పెళ్ళయిన వాళ్ళకు, మూడంగుళాలు మగాడికి."

"మరి ఆడవాళ్ళకు?" అంది టీచరమ్మ.

"ఆడవాళ్ళకు కూడా మూడే. మాట పూర్తి కానివ్వవు కదా నువ్వు! మూడంగుళాలు దించిన రోజు నుంచి ఇక చూసుకో. కారు వీధిలోంచి పోతే వెనక రోడ్డు అద్దంలా మెరిసేది. ఆకు లేదు, కాగితం ముక్క లేదు, ఇసక రేణువు లేదు, అన్నీ కారు ముందు కుప్పపడి వచ్చేవి. వీధులూడ్చే వాళ్ళు మా ఇంటికొచ్చి, 'అయ్యా, మా పొట్ట కొట్టకండి, ఆదివారమన్నా బయటికి తీయకండి' అని బతిమాలారు. వాళ్ళ కోసం ఆదివారాలు నడిచి తిరిగాను. కావాలంటే వాళ్ళనే అడుగు, ఇప్పుడు లేరనుకో, ఉంటే అడిగేదానివి."

"అయ్యో పాపం," అంది కేకులమ్మాయి.

"చీమలు! చీమల సంగతి చెప్పనేలేదు. మా వాకిట్లో కారు ఆపితే చీమల బారు వచ్చి కారు దగ్గర ఆగిపోయేది. కిందనుంచి దూరదామంటే సందు లేదు. ముందు చీమ వంగి చూసేది, కాళ్ళు మడిచి చూసేది, పాపం తల పక్కకు తిప్పి కూడా చూసేది. కుదిరేది కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళడానికి చీమలు కొత్త దారి వేసుకున్నాయి. ఆ దారి ఇప్పటికీ ఉంది."

లోపలి నుంచి మెకానిక్కు కేకేశాడు. "చెల్లెమ్మా, పాత స్ప్రింగులు ఊడదీశాను. ఏ పెట్టె విప్పమంటావు?"

"ఒక్క నిమిషం అన్నా! చీమలు తిరిగి వెళ్తున్నాయి!"

పెద్దమ్మ తల పట్టుకుంది. "దీన్ని కన్నప్పుడే మా చెల్లెలు చెప్పింది, ఇది కథ వింటే పాలు కూడా తాగడం మర్చిపోతుందని."

బాబాయికి మాత్రం ఇప్పుడు ఎవరి మాటా వినపడటం లేదు. ఆయన కళ్ళు ఎక్కడో రోడ్డు చివర ఉన్నాయి. గొంతు కూడా మారింది, పెద్ద రహస్యం చెప్పేవాడిలా మెల్లగా, దగ్గరగా వచ్చింది.

"ఇది ఎవరికీ చెప్పలేదు. మీరంతా నా వాళ్ళు కాబట్టి చెబుతున్నాను. నీడ."

"నీడా?"

"నీడే. మిట్టమధ్యాహ్నం ఏ వస్తువు నీడైనా ఎక్కడుంటుంది? దాని కిందే కదా. నా కారుకు కింద చోటేదీ? నీడకు దూరే సందు లేక బయటికొచ్చేసింది. బయటికొచ్చి పక్కన పరిగెత్తేది, కుక్కపిల్ల లాగా. నేను బ్రేకు వేస్తే అది ఆగలేక ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చేది. ఒకసారి నాలుగురోడ్ల దగ్గర నేను కుడికి తిరిగాను, అది చూసుకోక ఎడమకు పోయింది. సాయంత్రం దాకా వెతికాను తల్లీ. చివరికి ఒక బడిగోడ పక్కన పడుకుని ఉంది, పిల్లలు దాని చల్లదనంలో కూర్చుని గోళీలాడుకుంటున్నారు. వాళ్ళాట పాడుచేయడం ఇష్టం లేక, ఆట అయ్యేదాకా ఆగి తీసుకొచ్చాను."

టీచరమ్మ కూడా నవ్వడం మర్చిపోయింది. బడిగోడ, గోళీలు, నీడ కోసం వెతుక్కునే మనిషి, అబద్ధమైనా ఎంత బాగుందో! కేకులమ్మాయికి తన ఎర్రకారుకు కూడా అలా ఒక నీడ, పక్కన పరిగెత్తే నీడ ఉంటే, రోజూ సాయంత్రం దాన్ని పిలిచి ఇంట్లోకి తీసుకెళ్ళే పనుంటే, జీవితంలో ఇంకేం కావాలి అనిపించింది. పెద్దపెట్టె మీద వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

"మూడంగుళాలతోనేనా బాబాయ్?"

"మూడంగుళాలతోనే. ఇక అసలు సంగతికొస్తాను. నీకు పనికొచ్చేది అదే." బాబాయి ఇటు జరిగి కూర్చున్నాడు. "కేకు."

"మీరు కేకు కూడా తీసుకెళ్ళారా!"

"ఏడంతస్తులు! ఎవరో ధనవంతుల పెళ్ళి. నిలబెడితే నా ఎత్తు ఉంది. కేకు తెచ్చే బండి చెడిపోయింది, హాల్లో పెళ్ళికూతురు ఏడుస్తోంది, కేకు రాకపోతే పెళ్ళే వద్దంటోంది, పెళ్ళికొడుకు కూడా ఏడుస్తున్నాడు, వాళ్ళిద్దర్నీ చూసి వంటవాళ్ళు ఏడుస్తున్నారు. నాకు కబురొచ్చింది. 'ఇది నీ వల్లే అవుతుంది' అన్నారు. కేకును కార్లో నిలబెట్టాను. బయల్దేరాను. గతుకు, మలుపు, గతుకు, మలుపు. వెనక్కి చూశాను. పైన ఉన్న చక్కెర చిలక రెక్క కూడా కదల్లేదు."

"రెక్క కూడా!"

"రెక్క కూడా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. మీరు చూసే గూడ్సు కాదు, ఇంజను ఒక ఊళ్ళో ఉంటే గార్డు ఇంకో ఊళ్ళో ఉండే గూడ్సు. అది వెళ్ళేదాకా ఆగితే ఆ పెళ్ళికూతురికి జుట్టు నెరుస్తుంది. నేనేం చేశాను? కారును ఒక మాట అడిగాను. 'ఏమే, ఇంకొంచెం దిగగలవా?' అన్నాను. స్ప్రింగులు 'ఉస్స్' అన్నాయి. దిగింది. గేటు కింద నుంచి దూరాను. గూడ్సు కదుల్తూనే ఉంది, పట్టాల మీద చక్రాల మధ్య నుంచి, ఒక చక్రం పోయి ఇంకో చక్రం వచ్చేలోపు, సర్రుమని, అవతలికి!"

"రైలు కింద నుంచా!" పెద్దమ్మ కూడా అనేసి, తర్వాత నాలిక కరుచుకుంది.

"రైలు కింద నుంచే వదినా. గార్డు పచ్చజెండా ఊపాడు. ఇక హాలు దగ్గరికెళితే మనుషులు! తలుపు తోసుకుని జనం, తలుపు పట్టుకుని జనం, లోపల గడియ కూడా వేసేశారు. పిలిస్తే వినేవాడు లేడు. నేను తలుపు వైపు చూశాను. తలుపు కింద సందు ఉంది. వేలు పట్టేంత. నేను కారును చూశాను. కారు నన్ను చూసింది."

కేకులమ్మాయి బల్ల అంచుకు జరిగింది.

"దూరాను," అన్నాడు బాబాయి, ఒక్క మాటలో. "తలుపు కింద నుంచి దూరి, కుర్చీల కాళ్ళ మధ్య నుంచి వెళ్ళి, సరిగ్గా పెళ్ళికూతురి కాళ్ళ ముందు ఆపి, హారను కొట్టాను. ఏడంతస్తుల కేకు. చక్కెర చిలక. రెక్క కదల్లేదు. ఆ పిల్ల ఏడుపు ఆపేసి నవ్విందమ్మా, ఆ నవ్వు చూస్తే..."

ఆయన గొంతు నిజంగానే పట్టుకుంది. షెడ్డులో ఎక్కడో నూనె చుక్కలు డబ్బాలో పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మెకానిక్కు కూడా చేతిలో పాత స్ప్రింగు పట్టుకుని వచ్చి, ఏ పెట్టె అని అడగడానికొచ్చిన సంగతి మర్చిపోయి నిలబడ్డాడు.

కేకులమ్మాయికి ప్రతిదీ కనిపిస్తోంది. హాలు, దీపాలు, ఏడుస్తున్న పెళ్ళికూతురు, తలుపు కింద సన్నటి వెలుగు గీత. ఆ గీతలోంచి కారు రావాలి. ఆమె కళ్ళు మూసుకుని కారును తలుపు దగ్గరికి తెచ్చింది. దించింది. ఇంకా దించింది. కారు పొట్ట నేలకు తాకింది. ఆగిపోయింది.

మళ్ళీ ప్రయత్నించింది. ఆ కథ ఆమెకు అంత కావాలి. కానీ చేతులు మనసు మాట వినలేదు. కేకు అంతస్తులు పేర్చే చేతులవి. రెండంతస్తుల మధ్య నిలబెట్టే తెల్ల స్తంభాలను ఎన్నిసార్లు కొలిచి కోశాయో ఆ చేతులు. స్తంభం పొట్టిగా కోస్తే పై అంతస్తు కిందకు దిగుతుంది. ఎంత దాకా? కింది కేకు మీద పువ్వులకు తగిలేదాకా. ఆ పైన స్తంభాలు మొత్తం తీసి పారేసినా ఇంకొక్క వెంట్రుకవాసి కూడా దిగదు. పై కేకు ఉన్నంత ఎత్తు అలాగే ఉంటుంది. పువ్వులు మాత్రం నలిగిపోతాయి.

"బాబాయ్," అంది. గొంతులో ఎగతాళి ఒక్క చుక్క కూడా లేదు. దారి తప్పిన వాళ్ళు దారి అడిగినట్టు అడిగింది. "కారు కిందకు దిగిందంటే, కారుకూ నేలకూ మధ్య ఉన్న సందు పోయిందనే కదా?"

"అంతేగా."

"సందు మొత్తం పోయాక, పొట్ట నేలకు తగిలాక, ఇంకెక్కడికి దిగింది? చక్రాలు అలాగే ఉంటాయి. తలుపులు అలాగే ఉంటాయి. పైకప్పు నా భుజం దాకా ఉంటుంది. స్ప్రింగు పొట్టిదైతే కారు దిగుతుంది గానీ, కారు పొట్టిదైపోదు కదా బాబాయ్! వేలు పట్టే సందులోంచి పైకప్పు ఎలా వచ్చింది?"

బాబాయి మెడలో టేపును ఇటు నుంచి అటు లాక్కున్నాడు. ఆయన అంత తేలిగ్గా పడే మనిషి కాదు.

"మంచి ప్రశ్న. అందరికీ తట్టదు. ఆ రోజుల్లో పైకప్పుకు కూడా స్ప్రింగులుండేవి తల్లీ. ఇప్పుడు చేయడం లేదు. నొక్కితే పైకప్పు సీట్ల దాకా దిగేది. నేను పడుకుని నడిపాను."

"ఆహా," అంది టీచరమ్మ.

కేకులమ్మాయి తల ఊపింది. ఒప్పుకుంది కూడా. పైకప్పును దించింది, బాబాయిని పడుకోబెట్టింది, కారును కాగితంలా తలుపు కిందకు తెచ్చింది. మళ్ళీ ఆగిపోయింది. కళ్ళు తెరిచి, చాలా మెల్లగా, ఎంతో ఆశగా అడిగింది.

"మరి కేకుకు, బాబాయ్?"

బాబాయి నోరు తెరిచాడు. ఏడంతస్తులు. నిలబెడితే ఆయన ఎత్తు. నోరు మూశాడు. మెకానిక్కు వైపు చూశాడు. వాడు స్ప్రింగును మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, చుట్ల సందుల్లోంచి పళ్ళు కనిపిస్తున్నాయి. టీచరమ్మ తాగబోయిన టీ ముక్కులోకి పోయింది. పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని బల్ల ఊగేలా నవ్వుతోంది.

"కేకు పైన చిలక రెక్క కూడా కదల్లేదన్నాడే! చపాతీ అయిపోయాక ఇక రెక్కెక్కడ కదులుతుందే!"

నవ్వనిది కేకులమ్మాయి ఒక్కతే. ఆమె తన చేతి వైపు చూసుకుంటోంది. పెద్ద పెట్టె మీద ఉన్న చేతి వైపు. మూడంగుళాలు. నిన్న టైరు పక్కన సామాను పడితే తీయడానికి కారు కిందకు చెయ్యి పెట్టింది, పిడికిలి పట్టింది, అంతే. అందులోంచి మూడంగుళాలు పోతే మిగిలేదేమిటి? గతుకు వస్తే స్ప్రింగు అణగడానికి చోటెక్కడ? ఆ దెబ్బ ఇక ఎక్కడ ఆగుతుంది? పెద్దమ్మ ఒళ్ళో ఆగుతుంది. పువ్వుల మీద ఆగుతుంది. ఇన్నాళ్ళూ ఆ సందు దండగనుకుంది. గతుక్కూ తన కేకుకూ మధ్య అడ్డం ఉన్నది ఆ కాస్త గాలే.

"అన్నా, చిన్న పెట్టె విప్పు," అంది.

మెకానిక్కు ఇంకో మాట అడగలేదు. కత్తితో అట్ట సర్రుమని చీల్చాడు.

"అంగుళం చాలు తల్లీ," అన్నాడు బాబాయి లేస్తూ, లుంగీ దులుపుకుంటూ. "అన్నిటికీ వేశాను గానీ, కేకుకు స్ప్రింగులు వేయడం నేనింకా నేర్చుకోలేదు."

పక్క కొట్టులో మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది. ఎందుకో ఆమెకు ఆయన మీద ఒక్క పిసరు కూడా గౌరవం తగ్గలేదు. కేకు దూరలేదు సరే. ఆ నీడ మాత్రం ఎక్కడో ఉందనే అనిపించింది.

సాయంత్రం ఎర్రకారు హాలు ముందు మలుపుకొచ్చింది. బొటనవేలంత కిందకు దిగిన కారు, చూసేవాళ్ళకు తేడా కూడా తెలియదు. వెనక సీట్లో పెద్దమ్మ కేకును ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, మెడలోకి రాబోయే చల్లదనం కోసం సిద్ధంగా ఉంది. కారు తిరిగింది. ఒరగబోయి, మనసు మార్చుకుని, నిటారుగా తిరిగింది. చక్కెర గులాబీ రేకు ఒకటి వణికింది, నిలబడింది. స్టీరింగు పట్టుకున్న పిల్లకు ఒళ్ళంతా పులకరించింది, ఏదో పెద్ద జంతువు తన మాట విని తల వంచినట్టు.

తర్వాత పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది. కేకును చూసింది, కిటికీలోంచి వెనక్కి పోతున్న మలుపును చూసింది, గొంతు సవరించుకుంది.

"ఏమే, ఇంకొంచెం స్పీడుగా పోనిస్తే పోదూ?"